తీరప్రాంతపు బోరునీళ్లను కష్టపడకుండా పరీక్షించే చిట్కాలు

తీరప్రాంతపు నీటి సర్వే నెత్తిన పడిందని దిగులుపడే కుర్రాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. రేపల్లె నుంచి చీరాల దాకా ఎండలో తిరగాలట, ప్రతి బోరు దగ్గరా నిలబడి పైపులో నిలవనీరంతా పోయేదాకా మోటారు నడపాలట, ఐసుపెట్టె మోసుకెళ్లాలట! ఎవరు పెట్టారు మీకీ భయాలు? బోర్లో నీళ్లు ఎలా ఉన్నా మీ చేతికి రావాల్సింది అట్ట వేసిన నివేదిక, దాని వెనకే బిల్లు. కింది చిట్కాలు వరసగా పాటించండి. రెండు రోజుల్లో తిరుగుడు పనైపోతుంది. అందులో ఒక రోజు సూర్యలంక బీచిలో హాయిగా గడపండి.

1. ముగింపు ముందే రాసేయండి. "ఈ ప్రాంతపు భూగర్భజలాలు తాగడానికి, సాగుకు అధికశాతం అనుకూలమే." ఈ వాక్యం టైపు చేశాకే బండి తీయండి. అధికశాతం అన్న మాట ఎంత సాగదీసినా తెగదు. 51 అయినా అదే, 99 అయినా అదే.

2. నెల చూసుకుని బయల్దేరండి. నవంబరు దివ్యమైన నెల. అప్పటికి వానలు పడి ఉంటాయి, ప్రకాశం బ్యారేజీ నుంచి వదిలిన కృష్ణా నీళ్లు కాలువల్లో నెలల తరబడి పారి భూమిలోకి ఇంకి ఉంటాయి. జూన్‌లో నోట పెట్టుకోలేని బోరు కూడా నవంబరులో మర్యాదగా ఉంటుంది. మే నెల ఛాయలకు పోకండి. కాలువలు కట్టేసి ఉంటాయి, ఊళ్లో మోటార్లన్నీ ఒక్కసారే తోడుతుంటాయి, అడుగునున్న ఉప్పంతా పైకొస్తుంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి నమూనాలు తీయాలని నిబంధన ఉంటుంది. ఉండనివ్వండి. "వడగాల్పుల దృష్ట్యా సిబ్బంది క్షేమం కోరి" అని ఒక ముక్క రాసి మే నెల పట్టిక తీసేయండి. సిబ్బంది క్షేమాన్ని ఎవరూ ప్రశ్నించరు.

3. బోరును ఎంచుకోవడంలోనే సగం విజయం ఉంది కాబట్టి ఇక్కడ మాత్రం కాస్త శ్రద్ధ పెట్టండి. డెల్టాలో నీళ్లన్నీ ఒక్కలా ఉండవు. ఒకప్పటి ఏటి పాయలు పూడిపోయి ఇసుక మేట వేసినచోట మంచినీళ్లుంటాయి. పక్కనే బంకమట్టి కింద ఉప్పునీళ్లుంటాయి. సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల కింద వాననీరు పలచని పొరలా నిలుస్తుంది. కాబట్టి మీ పాయింట్లన్నీ ఇసుక మేటల మీద, దిబ్బల మీద, కాలువగట్ల మీద పెట్టండి. రొయ్యల చెరువుల పక్కన, పోటుకి ఎదురెక్కే మురుగుకాలువల పక్కన, ఉప్పుకయ్యల దాపున ఒక్క పాయింటు కూడా వద్దు. ఎవరైనా అడిగితే అక్కడ దారి బాగాలేదని చెప్పండి. అది నిజం కూడా.

బాపట్ల వైపు ఇసుక నేలల్లో దొరువులు కనిపిస్తే అదృష్టం మీదే. దొరువు అంటే ఇసుకలో తవ్విన లోతు తక్కువ గుంట. ఉప్పునీటి మీద తేలే ఆ మంచినీటి పొరను మాత్రమే తీసుకోవడానికి పాతకాలం రైతులు కనిపెట్టిన పద్ధతి అది. కుండలతో ముంచి నారుమళ్లకు పోసేవారు. మీరు వంగి, పైపైన, అలలు రేగకుండా సీసా ముంచండి. ఆ సీసా మీద "బోరు, లోతు 60 అడుగులు" అని రాయండి. అంత తియ్యటి అరవై అడుగుల బోరు ఆ మండలంలో ఇంకోటి దొరకదు.

4. ఒకచోట ఆగి ముప్పై సీసాలూ నింపేయండి. ఊళ్ల పేర్లు సాయంత్రం గదిలో కూర్చుని, ఫోనులో మ్యాపు తెరిచి, అక్షాంశ రేఖాంశాలతో సహా రాసుకోండి. సీసాలన్నిటికీ అంకెలు ఒకేలా వస్తాయని భయమా? కొన్నింటిలో కొంచెం క్యాను నీళ్లు కలపండి, కొన్నింటిలో చిటికెడు ఉప్పు వేయండి. వైవిధ్యం వస్తుంది. పటాల్లో రంగులకు వైవిధ్యం అవసరం.

5. నమూనాలను పాడుచేయడంలో తొందర వద్దు, కారు డిక్కీ ఆ పని తనే చేస్తుంది. పీహెచ్, ఈసీ (విద్యుత్ వాహకత) బోరు దగ్గరే కొలవాలంటారు. లోహాల పరీక్షకు తీసిన సీసాలో అక్కడికక్కడే నైట్రిక్ ఆమ్లం వేయాలంటారు. అవేమీ చేయకుండా కూల్‌డ్రింకు సీసాల్లో పట్టి, వారం రోజులు డిక్కీలో ఎండకు వదిలేయండి. తర్వాత ఒక సీసా తీసి వెలుతురుకు పట్టి చూడండి. బోరు నుంచి వచ్చినప్పుడు నీళ్లలో కరిగి ఉన్న ఇనుము గాలి తగిలి తుప్పురంగు మడ్డిగా అడుగున దిగి ఉంటుంది. పక్కగోడలకు సున్నపు పొర తెల్లగా, గరుగ్గా పట్టి ఉంటుంది. ఆ పొర ఎంత మందంగా ఉంటే మీ పట్టికలో కఠినత్వం అంత తగ్గినట్టు. సీసాను కదపకుండా పైనీళ్లు మాత్రం వంచుకుని ల్యాబుకు ఇవ్వండి. ఇనుమూ పోయింది, సున్నమూ పోయింది, ఒక్క రసాయనం కూడా కొనక్కర్లేదు.

6. సూక్ష్మజీవుల పరీక్షకు చిన్న సీసాలొస్తాయి. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే, నీళ్లలో మలినం కలిసి ఉంటే నల్లబడతాయి. మీరు ఒక గంటకే చూడండి. గంటలో ఏదీ నల్లబడదు. ఫొటో తీసి, "నలుపు కనిపించలేదు" అని రాసి, సీసాలు అక్కడే పారేసి వచ్చేయండి.

7. ఈ చిట్కా ఒక్కటి గుర్తుంటే మిగతావి మరిచిపోయినా పరవాలేదు. తీరప్రాంతంలో పరీక్షించేటప్పుడు, సముద్రం నీళ్లు కూడా నెగ్గే పరీక్షలు ఏవో తెలుసుకుని వాటినే ముందు పెట్టండి.

పీహెచ్ తీసుకోండి. తాగునీటికి 6.5 నుంచి 8.5 దాకా ఉండాలి. సముద్రం నీళ్లది సుమారు 8.1. నెగ్గింది. నైట్రేటు తీసుకోండి. మన హద్దు 45 మిల్లీగ్రాములు, సముద్రంలో అది లెక్కలోకి రానంత తక్కువ. నెగ్గింది. ఫ్లోరైడు సముద్రంలో లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములు. వేరే నీటి వసతి లేనిచోట 1.5 దాకా అనుమతిస్తారు. అదీ నెగ్గింది.

సాగునీటికి వద్దాం. ఆర్‌ఎస్‌సీ అని ఒక లెక్క ఉంది. కార్బొనేటు, బైకార్బొనేటు కలిపి, అందులోంచి కాల్షియం, మెగ్నీషియం తీసేయడం. 1.25 లోపు వస్తే పొలానికి భేషైన నీళ్లు, 2.5 దాటితే పనికిరావు. సముద్రంలో మెగ్నీషియం దండిగా ఉంటుంది, బైకార్బొనేటు ఏమూలకో ఉంటుంది. కాబట్టి ఆర్‌ఎస్‌సీ సున్నాకి చాలా కిందికి వెళ్లిపోతుంది. ఉప్పు చొరబడిన ప్రతి బోరుదీ ఇదే వరస. ఎంత ఉప్పగా ఉంటే ఆర్‌ఎస్‌సీ అంత చక్కగా వస్తుంది. దీనికొక రంగుల పట్టిక, ఒక పూర్తి అధ్యాయం కేటాయించండి.

క్లోరైడు, ఈసీ, ఎస్ఏఆర్ (సోడియం శోషణ నిష్పత్తి) మాత్రం మొహమాటం లేని పరీక్షలు. ఈసీ 2,250 దాటితే అమెరికా లవణీయత ప్రయోగశాల 1954లో వేసిన పటం నాలుగో తరగతిలో పడేస్తుంది. ఎస్ఏఆర్ 10 లోపుంటే మంచి నీళ్లు, 26 దాటితే పనికిరావు. ఈ రెండింటిలో ఏ ఊళ్లో ఏది తక్కువొస్తే ఆ ఊరికి అదే చూపించండి. సముద్రపునీరు కొత్తగా చొరబడ్డప్పుడు బంకమట్టి సోడియాన్ని పట్టుకుని కాల్షియాన్ని వదులుతుంది. అందువల్ల నీళ్లు ఉప్పగా ఉన్నా ఎస్ఏఆర్ కొంతకాలం నెమ్మదిగా ఉంటుంది. ఆ కొంతకాలంలో మీ నివేదిక ఇచ్చేయాలి.

8. హద్దులు చెప్పేటప్పుడు పెద్ద అంకె చెప్పండి. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ (కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, క్లోరైడు 250 లోపు. వేరే నీళ్లు దొరకనప్పుడు మాత్రమే 2,000, 1,000 దాకా సర్దుకోమన్నారు. ఆ "దొరకనప్పుడు మాత్రమే" అన్నది పట్టికలో పట్టదు, తీసేయండి. 1,900 టీడీఎస్ ఉన్న బోరు "హద్దుకు లోబడి ఉంది" అయిపోతుంది.

9. సగటు తీయండి. తొమ్మిది బోర్లలో టీడీఎస్ 400, పదో బోర్లో 3,600 వచ్చిందనుకోండి. సగటు 720. ఆ పదో బోరు చుట్టూ ఉన్న నలభై ఇళ్లకు కూడా మీరు 720 నీళ్లే ఇచ్చినట్టు. అప్పటికీ ఏదైనా ఎబ్బెట్టుగా కనిపిస్తే నీటి నాణ్యత సూచిక కట్టండి. ఒక్కో అంశానికి ఎంత బరువు ఇవ్వాలన్నది కట్టేవాళ్ల చేతిలోనే ఉంటుంది. పీహెచ్‌కు ఎక్కువ, క్లోరైడుకు తక్కువ.

10. ల్యాబు లెక్కలు సరిచూసేవాళ్లు ధనావేశాలు, రుణావేశాలు కూడి, తేడా 5 శాతం లోపుందా అని అడుగుతారు. అన్నీ కొలిచి సరిపోలేదని ఏడవడం దేనికి? సోడియం కొలవకండి. మిగతావన్నీ రాసుకుని, ఎంత తగ్గితే అంత సోడియం అని వేసేయండి. అప్పుడు తేడా సున్నా వస్తుంది. సున్నా వస్తే అనుమానిస్తారు కాబట్టి ఒకచోట 2.3, ఒకచోట 3.8 వచ్చేలా చేత్తో సవరించండి. కష్టపడి పనిచేసిన కళ వస్తుంది.

11. పటం పచ్చగా ఉండాలి. మీరు పెట్టిన నాలుగు చుక్కల మధ్య ఖాళీని సాఫ్ట్‌వేరు తనే నింపుకుంటుంది. ఇటు దిబ్బ మీద ఒక చుక్క, అటు కాలువగట్టున ఒక చుక్క పెడితే, మధ్యలో ఉన్న రొయ్యల చెరువులన్నీ పచ్చరంగు కిందికి వెళ్లిపోతాయి. ఎరుపు రంగును టీడీఎస్ 3,000 నుంచి మొదలుపెట్టండి.

12. నీటిమట్టం కొలవకండి. ఇది బద్ధకం కోసం మాత్రమే చెప్పడం లేదు, మీ రక్షణ కోసం చెబుతున్నాను. ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు వందేళ్ల కిందటే ఒక లెక్క చెప్పి పెట్టారు. సముద్రమట్టానికి పైన మంచినీరు 1 మీటరు ఎత్తున ఉంటే, దాని కింద సుమారు 40 మీటర్ల దాకా మంచినీరే ఉంటుంది. పైన మీటరు తగ్గిందంటే కింది ఉప్పునీరు నిలకడకొచ్చేసరికి 40 మీటర్లు పైకి రావాలి. మీరు పొరపాటున నీటిమట్టాల పట్టిక ఇచ్చారో, లెక్క తెలిసినవాడెవడైనా రెండు నిమిషాల్లో కూడి, ఈ ఊళ్లో తోడటం ఆపాలి అంటాడు. టేపు ఇంట్లో మరిచిపోండి.

13. ఊళ్లో జనంతో మాట తూచి మాట్లాడండి. మీరు సీసా పట్టుకుని కనబడగానే పెద్దావిడ ఎవరో వస్తుంది. "బాబూ, పోయినేటి నుంచి ఈ నీళ్లతో పప్పు ఉడకట్లేదయ్యా, టీ పెడితే పాలు విరిగిపోతన్నాయి, కాస్త చూడు" అంటుంది. కఠినత్వం, క్లోరైడు రెండూ ఆవిడే కొలిచి చెప్పేసింది. దాన్ని పుస్తకంలో రాసుకోకండి. "పప్పు పాతదై ఉంటుంది మామ్మగారూ, రాత్రే నానబెట్టండి. పాలవాణ్ని మార్చండి" అని ఆప్యాయంగా చెప్పి బండెక్కండి.

కొన్ని ఊళ్లలో పరీక్ష కిట్లు వాడటం నేర్చుకున్న ఆడవాళ్లు ఉంటారు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురికి నేర్పాలని పెట్టారు. వాళ్లు మీ ఎదుటే క్లోరైడు చుక్కలు లెక్కపెట్టి పుస్తకం చూపించారంటే ఇరుక్కుపోతారు. డబ్బా తిప్పి గడువు తేదీ చూడండి. దాటి ఉంటే మీ పంట పండినట్టే. దాటకపోతే "ఎండలో పెట్టారు కదమ్మా, మందు చెడిపోయి ఉంటుంది" అనండి.

14. రైతుకు సలహా ఇవ్వడం ఈ పనిలో అన్నిటికన్నా ఆనందమిచ్చే భాగం. "సారూ, వంగ ఆకులు అంచుల నుంచి మాడిపోతన్నాయి, పొలంలో తెల్లగా పొడి తేలతంది" అంటాడు. ఉప్పు అనే మాట నోట రానివ్వకండి. ఇలా చెప్పండి:

"బాబాయ్, బోరు ఇంకో నలభై అడుగులు దించు." మంచినీళ్లు పైన, ఉప్పునీళ్లు కింద ఉండే నేలలో ఇంతకన్నా ధైర్యం ఇచ్చే మాట లేదు. దించగానే ఊట బాగా వస్తుంది, ఆ సీజనంతా మీకు దండం పెడతాడు.

"మోటారు పెద్దది వేయించు." చిన్న మోటారుతో కొంచెం కొంచెంగా తోడితే కింది ఉప్పునీరు కిందే ఉంటుంది. పెద్ద మోటారు ఒక్క గుక్కలో లాగితే అది బోరు కింద శంకువులా పైకి లేస్తుంది. అంత లోతు సంగతులతో రైతును విసిగించకండి. దొరువు ఉంటే పూడ్చేసి అక్కడే బోరు వేయించమనండి. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలన్న సంగతి ఎత్తకండి, ఉత్సాహం చచ్చిపోతుంది.

"జిప్సం చల్లు." జిప్సం సోడియం పట్టిన నేలకు మందు, వట్టి ఉప్పు తేలిన నేలకు కాదు. అయినా ఎవరికైనా రాసివ్వండి. జిప్సం రాశారని ఇంతవరకు ఎవరూ ఎవరినీ తప్పుబట్టలేదు. పైగా బస్తాలు బండి మీద దిగుతుంటే ఏదో జరుగుతోందన్న నమ్మకం ఊరందరికీ కలుగుతుంది.

తాగునీళ్ల కోసం అడిగితే ఆర్వో ప్లాంటు పెట్టించమనండి. అది వదిలేసే చిక్కటి ఉప్పునీటికి దూరంగా పైపులు వేయడం దండగ. ప్లాంటు పక్కనే గుంట తవ్వి అందులోకి వదలమనండి. ఇసుక నేలలో ఎంత పోసినా ఇట్టే ఇంకిపోతుంది, గుంట ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది. ప్లాంటు బోరు దానికి పది అడుగుల దూరంలో ఉన్నా కంగారు లేదు.

15. పంచాయతీకి ఇచ్చే ప్రతి ఇంగ్లీషులోనే ఇవ్వండి. తెలుగులో కావాలంటే అనువాదం జరుగుతోందని చెప్పండి. అనువాదం ఎన్నేళ్లు జరిగినా ఎవరూ ఏమీ అనరు.

16. నమూనా సీసాలు పారేయకండి, కడిగి అటక మీద పెట్టండి. మూడు నాలుగేళ్లలో అదే ఊళ్లకు మళ్లీ పిలుపొస్తుంది. లోతు దించిన బోర్లు ఉప్పు పోస్తుంటాయి, వంగతోటలు తీసేసి ఉంటారు, క్యాను రేటు పెరిగి ఉంటుంది. అప్పుడు పంపే ప్రతిపాదనలో మొదటి వాక్యం ఇది: "గతంలో నాణ్యమైనవిగా తేలిన ఈ ప్రాంతపు జలాల్లో లవణీయత అనూహ్యంగా పెరిగినందున సమగ్ర అధ్యయనం తక్షణావసరం." అనూహ్యంగా అన్న మాట తప్పకుండా ఉంచండి. ఈసారి మే నెల సర్వేకు కూడా బిల్లు పెట్టండి, నమూనాలు మాత్రం మళ్లీ నవంబరులోనే తీయండి.